తాండూరులో రెండు నోటిఫికేషన్లు

అగ్నివీర్ నోటిఫికేషన్‌నూ ఎన్‌డీఏ నోటిఫికేషన్‌నూ ఒకే బల్ల మీద పక్కపక్కన పరిచి చదివే అలవాటు మనకు లేదు. రెండూ సైన్యంలోకి పిలిచేవే. ఒకటి పదో తరగతి పాసైనవాణ్ణి జవానుగా రమ్మంటుంది. ఇంకొకటి ఇంటర్ చదువుతున్నవాణ్ణి నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) దారిన అధికారిగా రమ్మంటుంది. తాండూరులోనో వికారాబాద్‌లోనో ఒక ఇంట్లో ఈ మాట వచ్చిందంటే మొదటి ప్రశ్న "జీతమెంత?", రెండోది "పర్మనెంటేనా?". పోలిక అక్కడితో సరి. రెండు కావ్యాలను పోల్చే విమర్శకుడు పేజీలు లెక్కపెట్టి ఊరుకోడు కదా. ఎవరి కోసం రాశారు, దేని మీద ఒత్తి చెప్పారు, ఏది చెప్పకుండా దాటేశారు అని చూస్తాడు. ఈ రెండు సర్కారీ కాగితాలకూ ఆ చదువు అవసరమే.

ముందుగా ఎత్తు సంగతి. తెలంగాణ కుర్రాడు జనరల్ డ్యూటీ అగ్నివీర్ కావాలంటే 166 సెంటీమీటర్లు ఉండాలి. ఎన్‌డీఏ దారిన సైన్యంలో అధికారి కావడానికి 157 చాలు. అంటే 160 ఉన్నవాడు జనరల్ డ్యూటీ జవానుగా పనికిరాడు, రేపు అదే జవాన్లకు ఆజ్ఞలిచ్చే లెఫ్టినెంటుగా పనికొస్తాడు! ర్యాలీలో కొలత దగ్గరే వెనక్కి పంపిస్తే "మనకు మిలట్రీ రాసిపెట్టి లేదు" అనుకుని ఇంటికొచ్చి, సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదిరిపోయే పిల్లలకు ఈ ముక్క చెప్పే మనిషి ఉండడు.

ఫీజు ఇంకో వింత. జవాను పరీక్షకు 250 రూపాయలు, అధికారి పరీక్షకు 100. ఎస్సీ, ఎస్టీలకూ ఆడపిల్లలకూ ఆ వందా లేదు. జవాన్ల పిల్లలకూ లేదు. అధికారి పరీక్ష పెద్దిళ్ల వ్యవహారం అనుకునేవాళ్లు ఈ ఒక్క వాక్యం చదివినా కాస్త ఆగుతారు. చదవరు. ఎందుకంటే యూపీఎస్‌సీ వేసే ఆ పరీక్ష నోటిఫికేషన్ పుస్తకమంత ఉంటుంది, తెలుగులో ఉండదు, ఇంటర్నెట్ సెంటర్ గోడకు అతికేది కాదు. "అన్నా, ఆర్మీ ఫారం నింపాలె" అని ఎవరైనా వస్తే సెంటర్ నడిపే అన్న చేతులు వాటంతటవే అగ్నివీర్ పేజీకి పోతాయి. అతని తప్పేమీ లేదు. ఎన్‌డీఏ అనగానే ఢిల్లీలో ఏలుతున్న కూటమి తప్ప మరొకటి గుర్తుకురాని ఊళ్లు మనవి.

రెండు కాగితాలూ ఎవరితో మాట్లాడుతున్నాయో చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. మొదటిది ఒంటితో మాట్లాడుతుంది: ఛాతీ 77, గాలి పీలిస్తే ఇంకో 5, పరుగు 1,600 మీటర్లు, 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు, పుల్‌అప్స్ పది తీస్తే 40, తొమ్మిదడుగుల గుంత దూకాలి. కొలిచి చూపించగలిగినవే అన్నీ. అందుకే పల్లెటూరి పిల్లవాడికి అది న్యాయంగా కనిపిస్తుంది. ఊపిరితిత్తులకు సిఫారసు ఉండదు. రాష్ట్ర పోలీసు కానిస్టేబుల్ పోస్టుకు 2022 నియామకాల్లో మగవాళ్లకు అదే 1,600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చారు. మన జూనియర్ కాలేజీ గ్రౌండుల్లో పొద్దున ఐదింటికి రన్నింగ్ కొట్టే గుంపులో సగం మంది రెండింటికీ కలిపే కొడుతుంటారు. ఏది ముందు పడితే అది. 2024 డిసెంబరులో రాష్ట్రంలోని 33 జిల్లాల వాళ్లకూ హన్మకొండ స్టేడియంలో ర్యాలీ పెట్టారు. తాండూరు నుంచి అంటే చాలా దూర ప్రయాణమే. అయినా పోతారు, ఎందుకంటే అక్కడ ఏం అడుగుతారో ముందే తెలుసు.

రెండో కాగితం అలా కాదు. 900 మార్కుల రాతపరీక్ష, అందులో లెక్కలు 300, మిగతా 600లో ఇంగ్లీషుకే 200. ఆ మీద సర్వీస్ సెలక్షన్ బోర్డు ముందు ఐదు రోజులు, దానికి మరో 900. సైన్యం విభాగానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదంటుంది, కానీ లెక్కల పేపరు అందరికీ ఒకటే. సీఈసీ పిల్లవాడికి తలుపు తెరిచిపెట్టి గడప మాత్రం నడుమెత్తు కట్టినట్టు. ఈ ఉదారత నాకు కొంచెం కపటంగానే తోస్తుంది.

ఇక భాష. నన్నడిగితే అసలు పోలిక ఇక్కడే మొదలవుతుంది. 2025 నియామకాల నుంచి అగ్నివీర్ రాతపరీక్ష 13 భాషల్లో రాయవచ్చు, తెలుగులోనూ రాయవచ్చు. ఎన్‌డీఏ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. డిగ్రీవాళ్లకు పెట్టే అధికారి పరీక్ష సీడీఎస్‌దీ అంతే. జవాను తెలుగులో ఆలోచించి జవాబు పెట్టవచ్చు, అధికారి పెట్టకూడదు. పైకి చూస్తే తాండూరుకు ఇది అంత నష్టం కాదనిపిస్తుంది. కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ ఊళ్లో తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ ఒకే కిరాణా కొట్టు ముందు వినిపిస్తాయి. నాపరాతి పాలిషింగ్ యూనిట్లలో రాజస్థాన్ సేటుతో, బీహార్ కూలీతో హిందీలో బేరమాడే కుర్రాళ్లు ఎందరో. ఆ హిందీ బ్యారక్‌లో అక్కరకొస్తుంది. కోస్తా నుంచి వచ్చినవాడు మొదటి ఆరు నెలలు మూగవాడిలా ఉంటే తాండూరువాడు వారంలో కలిసిపోతాడు. కానీ దేవనాగరిలో అచ్చయిన త్రికోణమితి ప్రశ్న వేరే సంగతి. బజారు హిందీ జవాను దారిలో ఆస్తి, అధికారి దారిలో దాని విలువ దాదాపు సున్నా. మనిషి ఒకడే, నోరు ఒకటే.

సెలక్షన్ బోర్డులో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మొదటి రోజే ఒక మసక బొమ్మ చూపించి కథ రాయమంటారు, దాని మీద గుంపుగా చర్చించమంటారు. అందులో నెగ్గనివాళ్లు ఆ రోజే రైలెక్కుతారు. మిగిలినవాళ్లకు మర్నాడు పన్నెండు బొమ్మలు. ఒక్కోటి అర నిమిషం చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. చివరి పన్నెండోది ఖాళీ తెర. ఏమీ ఉండదు, కథ మాత్రం రాయాలి. ఆపైన 60 పదాలు, పదానికి 15 సెకన్లు, తట్టిన వాక్యం రాసేయాలి. ఈ ఖాళీ తెర దగ్గర పట్నం కోచింగ్ పిల్లలు బట్టీ పట్టిన కథ దించేస్తారని, పరీక్షించేవాళ్లకూ అది తెలుసని అందరూ అంటారు. అక్కడ సొంత కథ ఉన్నవాడికి మేలు జరగాలి. లారీ ఫెయిలై సేడం రోడ్డు మీద రాత్రంతా బండల లోడుకు కాపలా పడుకున్నవాడి దగ్గర కథలకు కరువా?

మూడో రోజు మైదానంలో చెక్కపలక, తాడు, దుంగ ఇచ్చి బరువుతో సహా అవతలికి దాటమంటారు. నాపరాతి బండలను లారీకెక్కించడం చిన్నప్పటి నుంచీ చూసినవాడికి ఇది కొత్త కాదు. దాటుతూ దాటుతూ నలుగురికి ఇంగ్లీషులోనో శుద్ధ హిందీలోనో ఉపాయం చెప్పడమే కొత్త. అధికారి లక్షణాలు కొలుస్తున్నామనే ఈ పద్ధతి, నోరు తెరవడానికి జంకడాన్ని కూడా లక్షణాల లోపంగా లెక్క కడుతుందేమో అని నాకు అనుమానం. అయినా దీని పక్షాన ఒక మాట చెప్పాలి: మొదటిసారి వెళ్లేవాడికి రానుపోను రైలు చార్జీ వాళ్లే ఇస్తారు. ఐదు రోజులు తిండీ బసా వాళ్లవే. ఓడి వచ్చినా జేబుకు చిల్లు పడదు.

ఇప్పుడు జీతం లెక్క. ఇంట్లో మొదట అడిగేది ఇదే గనుక దాన్ని చిన్నచూపు చూడలేం. అగ్నివీర్‌కు మొదటి ఏడు నెలకు 30,000. చేతికొచ్చేది 21,000, మిగతా 9,000 సేవా నిధిలోకి పోతుంది. నాలుగో ఏడు 40,000లో 28,000 చేతికి. నాలుగేళ్లు నిండాక వచ్చే సేవా నిధి సుమారు 11.71 లక్షలు. ఊళ్లో దీన్ని "సర్కారు ఇచ్చే పన్నెండు లక్షలు" అంటారు. వడ్డీ తీసేస్తే అందులో సగం అతని జీతంలోంచి కోసిందే. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. నూటికి 25 మందికి మించకుండా పర్మనెంటు చేస్తారు. ఈ పథకం ప్రకటించింది 2022 జూన్ 14న. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడు ఒకడు చనిపోయాడు. అప్పుడు ఏళ్ల తరబడి పరుగు తీసి పరీక్ష కోసం ఎదురుచూస్తున్న పిల్లల కోపం ఎందుకో, ఈ లెక్క పక్కన పాత లెక్క పెడితే తెలుస్తుంది: పదిహేనేళ్ల కొలువు, జీవితాంతం పెన్షన్.

ఎన్‌డీఏ పిల్లవాడికి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు జీతమే లేదు. చదువు, తిండి, బట్ట ప్రభుత్వానివి, జేబు ఖర్చు మాత్రం ఇంటి నుంచి పంపాలి. బాగా పేదిళ్ల వాళ్లకు దానికీ కొంత సాయం ఉంది. తర్వాత డెహ్రాడూన్‌లో ఒక ఏడాది, అక్కడ నెలకు 56,100 స్టైపెండు. బయటికొచ్చి లెఫ్టినెంటయ్యాక అదే మూల వేతనం, దానిపై సైనిక సేవా వేతనం 15,500, కరువు భత్యం. సైన్యంలోని కష్టానికీ ప్రమాదానికీ ఇచ్చేదే ఈ సేవా వేతనం. పర్మనెంటు జవానుకు అది 5,200. అగ్నివీర్‌కు అదీ విడిగా లేదు. ఒకే మంచులో, ఒకే బంకరులో పడుకున్న ముగ్గురి కష్టానికి మూడు ధరలు. దీన్ని సమర్థించే వాదనలు నేనూ చదివాను, ఏదీ నాకు ఎక్కలేదు.

ఈ లెక్కలో అసలు ముడి ఆ మూడేళ్లు. పద్దెనిమిదేళ్లకు అగ్నివీర్ ఇంటికి డబ్బు పంపడం మొదలుపెడతాడు. ఆ వయసుకు ఎన్‌డీఏ కేడెట్ ఇంటి నుంచే తెప్పించుకుంటుంటాడు. ఇరవై రెండు దాటేసరికి ఒకడి భుజాన రెండు నక్షత్రాలు, ఇంకొకడి చేతిలో సేవా నిధి చెక్కు, డిశ్చార్జి కాగితం. కాబట్టి అందరూ ఎన్‌డీఏకే వెళ్లాలి అనేయడం తేలిక. కంది పంట పోయి అప్పు మిగిలిన ఇంట్లో, చెల్లెలి పెళ్లి ముంగిట ఉన్న ఇంట్లో ఆ నాలుగేళ్ల 21 వేలు, 28 వేలే బతుకును నిలబెడతాయి. అక్కడ జవాను దారి పట్టినవాడు తెలివి తక్కువై పట్టలేదు.

అధికారి దారి పూలబాట అన్న భ్రమా వద్దు. శిక్షణలో నడుమో మోకాలో విరిగి, అంగవైకల్యంతో ఇంటికి పంపబడ్డ కేడెట్లు 1985 నుంచి సుమారు 500 మంది. వాళ్లు మాజీ సైనికుల లెక్కలోకీ రారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయం విచారణకు తీసుకున్నాకే వాళ్లకు వైద్య సదుపాయం విషయంలో కదలిక వచ్చింది. షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారి పదేళ్లో పద్నాలుగేళ్లో చేసి పెన్షన్ లేకుండానే బయటికొస్తాడు. నాలుగేళ్ల తర్వాత ఏం చేయాలో తోచని జవానును చూసి జాలిపడే మనం, ముప్పై అయిదేళ్లకు ఉద్యోగం వెతుక్కునే మేజరును తలచుకోం.

మరణం దగ్గర కూడా ఈ రెండు దారులను మన వ్యవస్థ రెండు రకాలుగా చదువుతుంది. సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు కోరుకొండ సైనిక్ స్కూలు నుంచి ఎన్‌డీఏకు వెళ్లినవారు. 16 బిహార్ రెజిమెంటు కమాండింగ్ ఆఫీసరుగా 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో తన జవాన్లతో పాటే ప్రాణం విడిచారు. మహావీర చక్ర ఇచ్చారు. తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్లు, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం, హైదరాబాద్‌లో ఇంటి స్థలం ఇచ్చింది. అదే ఘర్షణలో పోయిన మిగతా 19 మంది కుటుంబాలకు తలా 10 లక్షలు. వాళ్లు వేరే రాష్ట్రాల వాళ్లు, ఇవ్వాల్సిన పనే లేకపోయినా ఇచ్చారు, అది మంచి మాటే. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్ 2022 డిసెంబరులో అగ్నివీర్‌గా చేరాడు. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, 2025 మే 8 అర్ధరాత్రి దాటాక, నియంత్రణ రేఖ దగ్గర కాల్పుల్లో మరణించాడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాల భూమి, ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. రాష్ట్రాలు చేసింది రెండుచోట్లా గౌరవప్రదమే. తేడా కేంద్రం రాసుకున్న నిబంధనల్లో ఉంది. అగ్నివీర్ కుటుంబానికి 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలపు జీతం వస్తాయి. పర్మనెంటు జవాను కుటుంబానికి వచ్చే నెలవారీ పెన్షన్ మాత్రం రాదు. మురళీ నాయక్ తల్లి ఈ తేడా మీద బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. తాండూరున్న వికారాబాద్ జిల్లాలోనూ కల్లితండా లాంటి తండాలు ఎన్నో. అక్కడి నుంచి ఫారం నింపే పిల్లవాడి తండ్రి చదవాల్సింది జీతం పట్టిక కన్నా ముందు ఈ కేసు.

సినిమాలు ఈ చదువును మరింత చెడగొట్టాయి. సరిలేరు నీకెవ్వరులో హీరో మేజర్, మేజర్ సినిమాలో పేరులోనే ఉంది, సీతారామంలో లెఫ్టినెంటు. థియేటర్లో అధికారిని చూసి ఈల వేసినవాడు మర్నాడు జవాను ఫారం నింపుతాడు. ఆ రెండింటి నడుమ ఎన్‌డీఏ అనే పరీక్ష ఉందని తెర పెద్దగా చెప్పదు.

చెప్పే ప్రయత్నం బొత్తిగా లేకపోలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల వాళ్లు కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో మగపిల్లలకు సైనిక పాఠశాల నడుపుతున్నారు. భువనగిరిలో ఆడపిల్లల కోసం సైనిక శిక్షణ డిగ్రీ కాలేజీ పెట్టారు. 2021లో సుప్రీంకోర్టు చెప్పాక ఎన్‌డీఏలో అడుగుపెట్టిన తొలి అమ్మాయిల బ్యాచ్, 17 మంది, 2025 మేలో బయటికి వచ్చారు. ఆర్మీలో అగ్నివీర్‌గా అయితే అమ్మాయికి దొరికేది మిలిటరీ పోలీసు విభాగమే. కాబట్టి తాండూరు అమ్మాయికి ఈ పోలిక అబ్బాయికన్నా సులువుగా తేలుతుంది: ఆర్మీయే కావాలంటే పై తలుపే విశాలం.

ఈ జిల్లాకు సైన్యం కొత్తదీ కాదు, దూరమూ కాదు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ రెండు గంటల దారి. సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసుకు ఇక్కడి నుంచి పొద్దున రైలుంది. అదే పట్టాల మీద పడమటికి వెళ్లే ముంబై రైలు పుణేలో దింపుతుంది. ఖడక్‌వాస్లా ఆ ఊరి శివారే. పూడూరు మండలం దామగుండం అడవిలో 2,900 ఎకరాల్లో నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. చెట్ల గురించి, మూసీ గురించి, రామలింగేశ్వరుడి గుడికి దారి గురించి వాదనలు జరిగాయి, జరగాల్సినవే. "మన పోరగాండ్లకు కొలువులస్తయా?" అన్న ప్రశ్నా అడిగారు. ఆ కేంద్రంలో పనిచేసే నావికుడు ఒడిశాలోని చిలికా నుంచి, అధికారి కేరళలోని ఎళిమల నుంచి వస్తారు. మన పిల్లలు ఆ రెండు ఊళ్లకూ వెళ్లి రావాల్సిందే.

నా తీర్పు అడిగితే వరుస గురించి చెబుతాను. ఎన్‌డీఏకు వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర, ఏడాదికి రెండుసార్లు పరీక్ష. అగ్నివీర్‌కు 2025 నియామకాల్లో పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి. ముందు మూసుకునే తలుపు ఎన్‌డీఏదే. మనవాళ్లు మొదట తట్టేది రెండోదాన్ని. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నవాడు రన్నింగ్ మానకుండానే ఏప్రిల్‌లోనో సెప్టెంబరులోనో ఆ వందరూపాయల పరీక్ష రాసి చూడవచ్చు. జవానుగా చేరి లోపలి నుంచి అధికారి అవుతా అనే మాట కూడా వింటుంటాం. ఆర్మీ కేడెట్ కాలేజీ లాంటి మెట్లు ఉన్నాయి, ఎక్కినవాళ్లూ ఉన్నారు. కానీ అవన్నీ పదిహేనేళ్ల కొలువు ఉన్న కాలంలో కట్టిన మెట్లు. నాలుగేళ్ల ఉద్యోగంలో వాటి మీద ఆశ పెట్టుకుని చేరమని ఎవరికీ చెప్పలేను.

ఇంటి అవసరం కొద్దీ అగ్నివీర్‌గా చేరినవాడికి బయటి నుంచి ఇంకో దారి ఉంది. ఇంటర్ లేనివాళ్లకు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ సర్టిఫికెట్, ఆ తర్వాత ఇగ్నోలో అగ్నివీరుల కోసమే పెట్టిన డిగ్రీ. అందులో సగం క్రెడిట్లు సైన్యంలో నేర్చిన పనికే ఇస్తారు. ఆ డిగ్రీ పూర్తి చేసుకుని ఇరవై రెండేళ్లకు బయటికొస్తే సీడీఎస్ రాయడానికి వయసు ఇంకా మిగిలే ఉంటుంది. చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకైతే లెక్కల పేపరు కూడా లేదు, ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి చాలు. నాలుగేళ్లు బ్యారక్‌లో ఉండి వచ్చినవాడికి సెలక్షన్ బోర్డు మైదానంలో బెరుకూ ఉండదు. మొదటి బ్యాచ్ అగ్నివీరుల నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. వాళ్లలో ఎందరు ఆ డిగ్రీ కాగితంతో వస్తారన్నది, పర్మనెంటయ్యే ఆ 25 శాతం లెక్క కన్నా ఎక్కువ ఆసక్తిగా చూడాల్సిన సంగతి.